సగం ముందు

మా షెడ్డు మూలన గోనెసంచి కప్పుకోని
ఎనిమిదేండ్లుగా ఒక పెద్దమనిషి నిలబడి ఉండాడు.
ఐదడుగుల నల్లరాయి, మెలిదిప్పిన మీసం,
భుజం మింద కండువాకు నాలుగు మడతలు.
కొడుకులు ముగ్గురూ కల్సి వచ్చి
ఐదువేలు చేతిలో పెట్టి పోయినారు.
చేను పంచుకున్నారు, బోరు పంచుకున్నారు,
మామిడిచెట్లు లెక్కబెట్టి మరీ పంచుకున్నారు.
నాయన్ను మాత్రం ఎవరూ తమ వాటాలో ఏసుకోలే.

మా నాయన మౌనాచారి.
ఉలి పట్టుకుంటే ఆళ్లగడ్డలో ఆ చెయ్యికి తిరుగులేదంటారు.
నోరు తెరిస్తే నష్టం.
"నలభై" అంటాడు,
ఎదుటి మనిషి ఊపిరి తీసుకునే లోపల
"ముప్పై ఐదుకు చేస్తాం లెండి" అంటాడు,
వాళ్లు జోబు తడుముకుంటాంటే
"ఇప్పటికి మీకు తోచింది ఇయ్యండి" అంటాడు.
రాయి కూడా మా నాయనంత తొందరగా తగ్గదు.

నేను డిగ్రీ కామర్స్ అయిపోయి ఇంటికాడ కూచున్న ఏడు
ఆ పెద్దమనిషి లెక్క పాత క్యాలెండర్ ఎనకాల రాసినా:
రాయి, లారీ, దింపుడు కూలి,
గ్రైండర్ బ్లేడ్లు, కరెంటు బిల్లు,
కొలిమిలో ఉలుల మొనలు సాగదీసేది,
కంట్లో పడిన పొడికి చుక్కల మందు.
అంతా కూడితే ముప్పై రెండు.
"నీ నలభై ఏడు దినాలు యాడ రాయాల నాయనా?"
"అది మన పనే కదమ్మా" అన్నాడు.
ఆ మాట కూడా రాసి, కింద గీత గీసినా.

విజిటింగ్ కార్డులు ఐదొందలు కొట్టిచ్చినా,
కర్నూలు జిల్లా అని.
నెల తిరక్కముందే మాది నంద్యాల జిల్లా అయిపాయె.
ఇప్పటికీ కార్డు ఇచ్చేటప్పుడల్లా
బాల్‌పెన్నుతో జిల్లా కొట్టేసి ఇస్తాను.
ఆ కొట్టివేత చూసి నవ్వినోళ్లు
మమ్మల్ని మర్చిపోరు.

ఫోటోలు మొదట్లో మిట్టమధ్యాన్నం తీసేదాన్ని;
ఆ ఎండకు లక్ష్మీదేవి ముక్కు కూడా చదునైపోయేది.
ఇప్పుడు పొద్దున ఏడింటికి, పక్కనుంచి పడే ఎండలో,
విగ్రహం మింద నాయన చెయ్యి పెట్టించి తీస్తాను,
బొటనేలి గోరు చీలిన కుడిచెయ్యి.
చెయ్యి ఉన్న ఫోటోకే ఫోన్లు వస్తాయి.
ఎందుకో నాకు తెలీదు.

ఆఖర్న ఒక కట్టడి పెట్టినా:
సగం ముందు. మిగతా సగం కండ్లు తెరిసే ముందు.
పనంతా అయినాక చివర్న కదా కండ్లు చెక్కేది,
దుడ్లు అందేదాకా మూసుకోనే ఉండనీ.
"దేవుడి కండ్లు తాకట్టు పెట్టుకుంటామా?"
రెండు దినాలు నాయన నాతో మాట్లాడలే.
మూడో దినం బళ్లారి నుంచి వచ్చినోళ్లు
కండ్లు లేని ఆంజనేయుని ముందర నిలబడలేక
లారీ రాకముందే బాకీ కట్టేసినారు.

ధర చెప్పి నోరు మూసుకునేది మాత్రం
ఆయనకు మూడేండ్లు పట్టింది.
పెదాలు కదిలితే చాలు, నేను దగ్గుతాను.
నాకు రాతిపొడి జబ్బు తగిలిందని
వీధిలో చెప్పుకుంటాండారు.

మొన్న సంచి తీసేసి, కడిగి,
పెద్దమనిషిని రోడ్డువారకు జరిపినాం, నమూనాకు.
ఆయన్ను చూసి రెండు ఆర్డర్లు వచ్చినాయి.
కొడుకుల కంటే ఆయనే నయం.

నిన్న బైకు ఆపి ఒక పిల్లోడు దిగినాడు,
పదారు పదిహేడేండ్లుంటాయి.
రాతి మీసం మింద వేలు పెట్టి చూసి
"మా జేజినాయన ఇట్లనే ఉండేనా?" అన్నాడు.
"ముప్పైవేలు బాకీ ఉండాది" అన్నాను.
రెండు జోబులూ తిరగేసినాడు. పదకొండొందలు.
నాయన నా పక్క చూసినాడు.
పెదాలు కదిలినాయి.
నేను దగ్గలే.

రసీదు పుస్తకం తీసి, తేదీ ఏసి,
పదకొండొందలు ముట్టినాయని రాసి,
కార్డు మింద జిల్లా కొట్టేసి చేతికిచ్చి
చెప్పినా:
లారీ బాడుగ మాత్రం మీదే.